తక్కువ పెట్టడం తెలిసిన కర్రీ పాయింట్: గుణదల దగ్గర ఒక క్యారేజీ సర్వీసు గురించి

విజయవాడలో కర్రీ పాయింట్లకి కొదవ లేదు, ఏ సందులోకి తిరిగినా ఒకటి కనిపిస్తుంది, మళ్లీ ఇంకోదాని గురించి ఇంత రాయడం ఎందుకు అనిపించొచ్చు. నా కారణం ఏంటంటే ఈ తపస్సు కాలం (ఈస్టర్‌కి ముందు మేం పాటించే నలభై రోజులు, లెంట్) మొత్తం మా విచారణ (పారిష్) ఫాదర్ గారికి భోజనం వీళ్ల దగ్గర్నుంచే వెళ్లింది. డెబ్బై దాటిన మనిషి, షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, దాని మీద ఉపవాసం మాననంటారు. అలాంటాయనకి రోజూ వేళకి తిండి పంపించడం మామూలు పార్సిల్ కట్టి ఇచ్చినట్టు కాదు. ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నవాళ్లకి కూడా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

షాపు గుణదల నుంచి మాచవరం వైపు వస్తుంటే ఏలూరు రోడ్డు మీంచి లోపలికి పోయే సందులో ఉంటుంది. బోర్డు మీద కర్రీ పాయింట్ అని తప్ప వేరే పేరేం లేదు. ఒక అక్క, వాళ్ల అత్తగారు కలిసి వండుతారు, కౌంటర్‌లో ఒక కుర్రాడు, క్యారేజీలు తిప్పడానికి బండి మీద ఇంకో కుర్రాడు. కూర్చుని తినడానికి చోటు లేదు.

అసలు వీళ్ల అవసరం ఎందుకు పడిందంటే, ఫాదర్ గారి బంగళాలో వంట చేసే ఆవిడ కూతురి పురిటికి ఊరెళ్లింది. అది కూడా సరిగ్గా గుణదల మాత ఉత్సవాలు అవగానే. ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఆ కొండ కింద ఇసకేస్తే రాలనంత జనం. 1924లో ఆర్లాటి అనే ఇటలీ ఫాదర్ గారు అక్కడ మరియ మాత స్వరూపాన్ని పెట్టించారు, అప్పట్నుంచి ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిందే గానీ తగ్గలేదు. ఆ మూడు రోజులూ చుట్టుపక్కల విచారణల గురువులు (ఫాదర్లు) కూడా వచ్చి పాపసంకీర్తనాలు, అంటే జనం తమ పాపాలు ఒప్పుకునే మాటలు, వింటారు. మా ఫాదర్ గారు ఇప్పుడు కొండెక్కి సిలువ దాకా వెళ్లలేరు, కిందే కుర్చీ వేయించుకుని కూర్చుంటారు, గంటల తరబడి. ఈ ఏడాది విభూది బుధవారం ఫిబ్రవరి 18నే వచ్చింది, అంటే ఉత్సవాల అలసట తీరకముందే తపస్సు కాలం మొదలైపోయింది.

ఆయన రోజు ఎలా ఉంటుందో చెప్తే గానీ ఈ రివ్యూ అర్థం కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తారు, ప్రార్థన పుస్తకం చదువుకుంటారు, ఆరింటికి గుడిలో పూజ (మాస్). పూజ అయ్యాక బంగళా వరండాలో జనం కాచుకుని ఉంటారు, ఒకరికి జ్ఞానస్నానం సర్టిఫికెట్ కావాలి, ఒకరికి పెళ్లి ప్రకటన చదివించాలి, ఒకావిడ కొడుకు తాగుడు గురించి ఏడుస్తూ ఉంటుంది. ఆ తర్వాత మంచాన పడ్డవాళ్లకి దివ్య సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకుని ఇళ్లకి వెళ్తారు. స్కూటర్ నడపడం మానేశారు, ఎవరో ఒక కుర్రాడు బండి మీద దింపుతాడు. మధ్యలో ఆసుపత్రి నుంచి ఫోనొస్తే అవస్థాభ్యంగనానికి (జబ్బు ముదిరినవాళ్లకి నూనె రాసి చేసే ప్రార్థన) పరుగెత్తాలి, దానికి వేళాపాళా ఉండదు. సాయంత్రాలు వాడల్లో ప్రార్థనలు, శుక్రవారం సిలువ మార్గం, అంటే యేసు శ్రమలు తలుచుకుంటూ చేసే ప్రార్థన, పద్నాలుగు స్థలాల దగ్గరా మోకరించి లేవాలి. కుర్చీలో కూర్చుని చేయండి ఫాదర్ అంటే వినరు.

ఇక ఉపవాసం సంగతి. 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం ఉపవాసం పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకి, అదీ యాభై తొమ్మిది నిండేదాకా. తప్పనిసరి కూడా విభూది బుధవారం, గుడ్‌ఫ్రైడే, ఈ రెండు రోజులే. మాంసం మానడం పద్నాలుగేళ్లు నిండిన అందరికీ, దానికి పైవయసు పరిమితి లేదు. చట్టం ప్రకారం చేపలు, గుడ్లు తినొచ్చు, కానీ మన తెలుగు ఇళ్లల్లో చాలామంది నలభై రోజులూ నీసు ముట్టరు. చట్టం లెక్కన ఫాదర్ గారికి ఉపవాసం అక్కర్లేదు, ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆయన నవ్వి ఊరుకుంటారు. డాక్టరు మాత్రం గట్టిగా చెప్పారు, షుగరు మాత్ర వేసుకుని కడుపు ఖాళీగా ఉంచితే ఆయన వాడే మందుకి షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయని. చివరికి ఆయనే ఒక దారి చెప్పారు. ఉపవాసం అంటే ఏమీ తినకపోవడం కాదమ్మా, ఒక పూట నిండా తిని, మిగతా రెండు పూటలా కొంచెం కొంచెం తీసుకోవచ్చని నియమంలోనే ఉంది, ఆ రెండూ కలిపినా ఒక భోజనం కాకూడదు, అంతే, అలా ఏర్పాటు చేయండి అన్నారు. డాక్టరు కూడా మాత్రలు దానికి తగ్గట్టు సర్దుతానని ఒప్పుకున్నారు.

వినడానికి తేలికే. కానీ తక్కువ పెట్టమంటే మనవాళ్లకి చెయ్యి రాదు! ముందు వేరే ఒక హోటల్లో మాట్లాడాం, పేరు చెప్పను, వాళ్ల మనసులో చెడు లేదు. రాత్రికి కొంచెమే చాలండీ అని చెప్పినా ఇద్దరు తినేంత అన్నం, రెండు కూరలు, పైన ఒక స్వీటు. అడిగితే ఫాదర్ గారికి కదండీ, కొంచెం ఎక్కువే పెట్టాం అన్నారు. ఆయనేమో అన్నం పారేయనివ్వరు, వాచ్‌మన్‌కి ఇవ్వగా మిగిలింది తినేసేవారు, పొద్దున చూస్తే షుగరు ఎక్కడో ఉండేది. ఆదివారాలు విచారణ ఇళ్లల్లోనూ ఇదే గొడవ, ఇంకొంచెం ఫాదర్, ఇంకొక్క ముక్క ఫాదర్ అంటూ. ప్రేమే, కాదనను, కానీ ఆ ప్రేమ మోయాల్సింది డెబ్బై దాటిన ఒళ్లు. విచారణ గురువు అంటే చుట్టూ వందల కుటుంబాలు ఉంటాయి గానీ రాత్రి తలుపు వేసుకున్నాక బంగళాలో ఆయన ఒక్కరే, ఇంత చాలు ఇక లేవండి అని చెప్పే ఇల్లాలు, పిల్లలు ఉండరు. డెబ్బై అయిదు నిండితే పీఠాధిపతి (బిషప్) గారికి రాజీనామా ఉత్తరం ఇవ్వాలని నియమం, అందాకా ఈ పరుగు ఇంతే.

ఈ కర్రీ పాయింట్ అక్క దగ్గరికి వెళ్లి విషయం చెప్తే ఆవిడ ముందు మెనూ చెప్పలేదు, రేటు చెప్పలేదు. మాత్ర ఎన్నింటికి వేసుకుంటారు, పళ్లు ఎలా ఉన్నాయి, మామూలుగా కంచంలో ఏం వదిలేస్తారు అని అడిగింది. క్యాలెండర్ చింపిన కాగితం వెనకాల రాసుకుని పొయ్యి పక్కన గోడకి అంటించింది. నేను ఆ కాగితానికే సగం మార్కులు వేసేశాను.

వీళ్లది హిందూ కుటుంబం, తపస్సు కాలం అంటే ఏంటో మొదట తెలియదు. చేపలు పెట్టొచ్చా, ఉల్లిపాయ వేయొచ్చా, మీకు ఏకాదశిలాగానా అని అడిగింది, అడగడానికి మొహమాటపడలేదు, అది నాకు బాగా నచ్చింది. తెలిసినట్టు తల ఊపి తర్వాత ఇష్టమొచ్చింది పంపేవాళ్లని చూశాం.

పొద్దున పూజ అయ్యేసరికి చిన్న డబ్బాలో ఒక రోజు రాగి జావ, ఒక రోజు రెండు ఇడ్లీలు, పల్చటి చట్నీ. మధ్యాహ్నం నిండు భోజనం: మెత్తగా వార్చిన అన్నం, పప్పు, ఒక కూర, చారు, పెరుగు. రాత్రికి ఒక జొన్నరొట్టె, కాస్త ఆకుకూర, లేదంటే గోధుమరవ్వ ఉప్మా, అదీ గుప్పెడే. కూరల్లో పాలు పోసి వండిన బీరకాయ చాలా బావుంటుంది, బీరకాయ వాసన బీరకాయకి ఉంటుంది, మసాలా కింద చచ్చిపోదు. పొట్లకాయ పెరుగుపచ్చడి, తోటకూర పప్పు, మార్చిలో కొత్త మామిడికాయలు రాగానే మామిడికాయ పప్పు. ఆయనకి ఉప్పు, కారం తగ్గించి విడిగా తీస్తారు, కౌంటర్‌లో అమ్మేది మాత్రం మన కారమే, గోంగూర పచ్చడి నేను ఇంటికి కూడా చాలాసార్లు పట్టుకెళ్లాను.

ఒకటి దగ్గరగా చూశాను కాబట్టి చెప్తాను. నేను డబ్బులివ్వడానికి వెళ్లినప్పుడు కుర్రాడు ఖాళీ క్యారేజీ తెచ్చాడు. అక్క దాన్ని తిన్నగా కడగడానికి వేయలేదు, గిన్నెలు విడదీసి ఒక్కోటీ వెలుతురులోకి వంచి చూసింది. కూర గిన్నెలో చిక్కుడుకాయ ముక్కలు అంచుకి తోసి ఉన్నాయి, నమిలి వదిలేసిన ఈనెలు కనిపిస్తున్నాయి. కింద గిన్నెలో అన్నం కూడా కొంచెం మిగిలింది. అత్తయ్యా, చిక్కుళ్లు ఈనె తీయకుండా వేశాం చూడు, ఆయనకి నమలడం కావట్లేదు అంది. ఆ తర్వాత చిక్కుడుకాయ వస్తే గింజలూ లేత తొక్కలే వచ్చాయి, అన్నం కూడా ఒక గరిటె తగ్గింది. డబ్బు తగ్గించమని మేం అడగలేదు, గోడ మీద కాగితంలో ఆవిడే దిద్దుకుంది. మిగిలిపోయిన అన్నం చూసి బాగాలేదేమో అనుకోకుండా ఎక్కువైందేమో అనుకునే వంటమనిషి ఎంత అరుదో ఇంట్లో పెద్దవాళ్లని చూసుకునేవాళ్లకి తెలుస్తుంది.

శుక్రవారాలు మొదట్లో ఇబ్బంది అయింది. ఆరున్నరకే క్యారేజీ వచ్చేది, సిలువ మార్గం, పూజ అయి ఫాదర్ గారు వచ్చేసరికి ఎనిమిది దాటేది, ఉప్మా గట్టిపడి గరిటెకి కూడా లేచేది కాదు. చెప్పగానే శుక్రవారం రాత్రి క్యారేజీ టైమ్ మార్చేశారు, అంతేకాదు సాయంత్రం సీసాలో మజ్జిగ, కాస్త నానబెట్టిన అటుకులు పంపడం మొదలుపెట్టారు, అంతసేపు నిలబడాలి కదా, మధ్యలో షుగరు పడితే ఎలా అని. అది మేం అడిగింది కాదు.

ఉగాది ఈసారి మార్చి 19న వచ్చింది, మాకు అదే రోజు జోజప్ప గారి (సెయింట్ జోసెఫ్) పండుగ. పచ్చడి పంపొచ్చా, మీ ఫాదర్ గారు తింటారా అని ముందు రోజే ఫోన్ చేసింది. చిన్న గిన్నెలో వేపపువ్వు బాగా కనిపించేలా, బెల్లం తగ్గించి పంపింది. ఆయన కుర్రాడిని కూర్చోబెట్టుకుని వాడి చదువు గురించి అడుగుతూ చెంచాతో మొత్తం తినేశారు. వాడు ఆయన్ని ఫాదర్ అనడు, తాతగారూ అంటాడు, ఆయనకి అదే ఇష్టం.

గుడ్‌ఫ్రైడే ఏప్రిల్ 3. ఆ రోజు పూజ ఉండదు, మధ్యాహ్నం మూడింటికి ఆరాధన. ముందు రోజు రాత్రే, యేసు శిష్యులకి చేసినట్టు, పన్నెండు మంది కాళ్లు కడిగి లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది ఆయన్ని. గంజి చాలమ్మా అని కబురు పెట్టారు. అక్క నూకల గంజి కాచి, కొంచెం ఉప్పు, పక్కన నిమ్మకాయ ఊరగాయ ముక్క ఒకటి పెట్టి, ఒకేసారి కాకుండా ఫ్లాస్కులో పూటపూటకీ కొంచెం కొంచెంగా పంపింది. ఆ ఎండలో ఆరాధన చివరిదాకా ఆయన నిలబడ్డారు, నాకు ఆ రోజంతా టెన్షనే.

లోపాలు కూడా చెప్పాలి. కౌంటర్ దగ్గర వేడివేడి పప్పు, చారు ప్లాస్టిక్ కవర్లలోనే కట్టి ఇస్తారు, స్టీలు క్యారేజీ నెలవారీ వాళ్లకే. ఇది మార్చుకోవాలి, లేదా మీరే గిన్నె పట్టుకెళ్లండి. పొడులు, ఊరగాయల్లో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లకి వద్దు. పదకొండు నుంచి ఒంటి గంట దాకా ఫోన్ ఎత్తరు. అన్నిటికంటే పెద్ద లోపం, మనిషి లేకపోతే కుర్రాడు క్యారేజీ గుమ్మం దగ్గర పెట్టేసి వెళ్లిపోయేవాడు. ఒకసారి ఫాదర్ గారు ఆసుపత్రికి వెళ్లి మూడింటికి తిరిగొచ్చారు, అప్పటిదాకా ఆయన తినలేదని ఎవరికీ తెలియదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు, గట్టిగానే చెప్పాను. ఇప్పుడు తలుపు తీయకపోతే మాకు ఫోన్ చేస్తున్నాడు, కానీ మీరు చేర్పించేటప్పుడే మీ నంబరు ఇచ్చి ఈ ముక్క చెప్పండి.

రేటు ఫుల్ క్యారేజీ 120, హాఫ్ 70, చిన్న డబ్బా టిఫిన్ 40. ఆదివారం సెలవు, మాకు ఇబ్బంది అనిపించలేదు, తపస్సు కాలంలో ఆదివారాలు ఉపవాసం లెక్కలోకి రావు, ఆ రోజు విచారణలో ఎవరో ఒకరి ఇంట్లో భోజనం ఉండనే ఉంటుంది. రుచికి, శుభ్రానికి, ముఖ్యంగా చెప్పింది వినడానికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

వంటావిడ తిరిగొచ్చేసింది. అయినా శుక్రవారం రాత్రి హాఫ్ క్యారేజీ మాత్రం ఆపొద్దన్నారు ఫాదర్ గారు, అది నడుస్తోంది. మీరు కొత్తగా పెట్టించుకుంటే ముందు రోజు సాయంత్రం ఏడులోపు చెప్పాలి, అడ్వాన్సు ఒక వారానికి ఇస్తే చాలు. పెద్దవాళ్ల కోసం అయితే మందుల వేళలు ఒక కాగితం మీద రాసుకెళ్లి అక్క చేతికే ఇవ్వండి, కౌంటర్‌లో కుర్రాడికి చెప్తే అలవాటు కొద్దీ అన్నం ఎక్కువే వేస్తాడు.