పాత ఎంఎక్స్-5 ముందు సస్పెన్షన్ మీద ఏళ్లుగా నడుస్తున్న నా సొంత బండి

పైపు ఫ్రేమ్‌తో నేనే కట్టుకున్న రెండు సీట్ల బండికి ముందు భాగం మొత్తం, తుక్కుకి వెళ్లిన మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5 లోంచి తీసిందే. ఇంకో బండి కట్టినా ఇదే పెడతాను. కాకపోతే డోనర్ కారులో (అంటే భాగాలు తీసుకున్న పాత కారులో) ఉన్నవన్నీ పనికొస్తాయని మాత్రం అనుకోవద్దు.

నకిళ్లు (హబ్‌ని పట్టుకుని స్టీరింగ్‌తో పాటు తిరిగే ఇనుప ముక్కలు), హబ్‌లు (చక్రం బిగించే భాగాలు), కాలిపర్లు (బ్రేక్ డిస్క్‌ని నొక్కే భాగాలు), స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలని పక్కకి తిప్పే కడ్డీ) కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, అదీ ఆ కారు ముందు నుంచి గుద్దుకోలేదని తేలాకే. వంగిన నకిల్‌ని వేడి చేసి వంపు తీయడం, వెల్డింగ్ పెట్టడం అసలు చేయకూడదు. శుభ్రం చేశాక పగుళ్లు చూపించే రంగు కొట్టి చూశాకే నేను బిగించాను. బాల్ జాయింట్లు (నకిల్‌ని ఆర్మ్‌లకి కలిపే గుండ్రటి కీళ్లు), టై రాడ్ ఎండ్లు (రాక్‌ని నకిల్‌కి కలిపే కడ్డీల కొసలు), బ్రేక్ హోస్‌లు, నైలాక్ నట్లు (వదులవకుండా నైలాన్ రింగు ఉండేవి) చూడ్డానికి ఎంత బాగున్నా కొత్తవే వేయాలి.

అసలు కష్టం భాగాల బలం దగ్గర కాదు, కొలతల దగ్గర. నకిల్ తెచ్చుకున్నామంటే దాని స్టీరింగ్ ఆర్మ్ కోణం, బాల్ జాయింట్ల మధ్య దూరం కూడా తెచ్చుకున్నట్టే, ఇక ఫ్రేమ్ మీద పివట్‌లు (ఆర్మ్‌లు ఊగే కీళ్లు), రాక్ ఎత్తు, టై రాడ్ పొడవు అన్నీ దానికి తగ్గట్టే కుదరాలి. రాక్ కొన్ని మిల్లీమీటర్లు పైకో కిందికో జరిగినా గతుకు మీద చక్రం లేచినప్పుడల్లా టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోయి బండి దానంతట అదే పక్కకి లాగుతుంది, దీన్నే బంప్ స్టీర్ అంటారు. అందుకే డోనర్ విప్పకముందే ఆ కొలతలన్నీ రాసుకోండి. బిగించాక స్ప్రింగ్ తీసేసి, జాక్‌తో చక్రాన్ని కింది నుంచి పై దాకా లేపుతూ టో కొలవండి. నా బండి పెద్ద గతుకుల్లో కూడా తిన్నగా పోతోందంటే ఈ ఓపిక వల్లే.

డోనర్ స్ప్రింగ్‌లు మాత్రం వద్దు. ఆ కారు సుమారు 950 కిలోలు, నాది అందులో మూడింట రెండొంతులు కూడా లేదు, అవే పెడితే ముక్కు పైకి లేచి బండి బిర్రుగా ఎగురుతుంది. పైగా చక్రం దగ్గర పనిచేసే గట్టిదనం అంటే స్ప్రింగ్ రేటుని (స్ప్రింగ్ గట్టిదనాన్ని) మోషన్ రేషియో (చక్రం కదిలిన దూరంలో స్ప్రింగ్ ఎంత వంతు కదులుతుందో అది) వర్గంతో గుణించినది. రేషియో 0.6 అయితే 36 శాతమే చక్రానికి చేరుతుంది. ఈ లెక్క వేసుకునే కొత్త కాయిలోవర్లు (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండేవి) కొన్నాను.

ఇన్నేళ్ల వాడకంలో హబ్ బేరింగుల నుంచి చప్పుడే లేదు, బరువు తక్కువ కదా. బూస్టర్ (పెడల్ ఒత్తిడిని పెంచే పరికరం) లేకపోయినా బ్రేకులు చక్కగా పడతాయి, పెడల్ గట్టిగా నొక్కాలంతే. పాలీయురేథేన్ బుష్‌లు (ఆర్మ్ కీళ్లలో ఉండే తొడుగులు) గ్రీజు ఎండగానే కీచుమంటుంటే తీసేసి రబ్బరువి వేశాను, రోడ్డు మీద తిరిగే బండికి అవే హాయి. వాటి బోల్ట్‌లు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఫైనల్‌గా బిగించాలి, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది.

కింది ఆర్మ్‌ల కామ్ బోల్ట్‌లు (తిప్పితే చక్రం కోణం మారేవి) తుప్పుతో బుష్ స్లీవ్‌లో ఇరుక్కుని ఉంటాయి. కొట్టి టైమ్ వేస్ట్ చేసుకోకుండా కోసేయండి, కొత్తవాటికి యాంటీ సీజ్ (ఇరుక్కోకుండా పూసే గ్రీజు లాంటిది) పూసి ఎక్కించండి, లేకపోతే కాంబర్ (చక్రం పై అంచు లోపలికో బయటికో ఒరిగే కోణం), కాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో ఒరిగే కోణం) సరిచేయాల్సి వచ్చినప్పుడు అవి తిరగవు.