ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్ సేవ: డెంగీ వారంలో మా అనుభవం

గత వానాకాలంలో మా 16 ఏళ్ల అబ్బాయికి డెంగీ సోకినప్పుడు, ఖమ్మంలో మా కాలనీకి దగ్గరలో ఉన్న ఒక ల్యాబ్ వారి ఇంటి సేవను వారం రోజుల పాటు వాడుకున్నాము. రక్తం తీసే యువకుడు ఉదయం ఆరున్నరకే వచ్చేవాడు. సూది తీసిన తరువాత దూదిని ఐదు నిమిషాలు అదిమి పట్టుకుని, రక్తం ఆగిందని చూసుకున్నాకే కదిలేవాడు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గిన మనిషి విషయంలో అది చాదస్తం కాదు, అవసరం. మధ్యాహ్నంలోపే ఫోనుకు నివేదిక వచ్చేది.

నా అసంతృప్తి ఆ నివేదికతోనే. సాధారణంగా 1,50,000 నుంచి 4,50,000 వరకు ఉండవలసిన ప్లేట్‌లెట్లు మూడో రోజు 1,24,000, నాలుగో రోజు 78,000, జ్వరం దిగిన ఐదో రోజు 52,000 అయ్యాయి. ప్రతిసారీ ఆ ఒక్క అంకెనే ఎర్రగా అచ్చు వేశారు. మేమూ దానినే చూసి బెంబేలెత్తాము. బంధువులు బొప్పాయి ఆకులతో, కివీ పండ్లతో వరుస కట్టారు. డాక్టరు గారు మాత్రం పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతం, ఉన్న వరుసపై వేలు పెట్టి పాత నివేదికలు అడిగారు. మూడో రోజు 38 ఉన్నది ఐదో రోజుకు 44 అయింది. రెండూ సాధారణ పరిధిలోనివే కాబట్టి నల్లగానే ఉన్నాయి. డెంగీలో రక్తనాళాల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం, బయటకు కారిపోతే మిగిలిన రక్తం చిక్కబడుతుందనీ, జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజులే అందుకు గడ్డుకాలమనీ ఆయన వివరించి, సెలైన్ కోసం ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ప్లేట్‌లెట్లు ఎక్కించే మాట ఎత్తలేదు. రక్తస్రావం లేనప్పుడు 10,000 దాకా పడిపోయినా సాధారణంగా ఆ అవసరం రాదనీ, ఎక్కించినవి కూడా ఈ జ్వరంలో త్వరగా నశిస్తాయనీ చెప్పారు.

ఇంటికి వచ్చాక ఏడో రోజు నివేదికలో ప్లేట్‌లెట్లు 19,000 అని రావడంతో రక్తదాతల కోసం ఫోన్లు మొదలుపెట్టాము. అబ్బాయి మాత్రం ఆకలేస్తోందని పప్పన్నం తింటున్నాడు. పీసీవీ 39కి దిగింది. డాక్టరు గారి సలహా మీద రక్తపు చుక్కను గాజు స్లైడుపై పూసి సూక్ష్మదర్శినిలో చూడమని ల్యాబ్‌ను కోరితే, రక్తం గడ్డకట్టకుండా గొట్టంలో వేసే ఈడీటీఏ అనే రసాయనం కారణంగా ప్లేట్‌లెట్లు గుంపులు కట్టాయనీ, యంత్రం వాటిని విడివిడిగా లెక్కించలేకపోయిందనీ, అసలు సంఖ్య సుమారు 60,000 ఉంటుందనీ సాయంత్రానికి తెలిపారు. అడగకముందే, అంత తక్కువ అంకె కనిపించిన వెంటనే, ఆ పని చేసి ఉండవలసింది. అదనపు రుసుము తీసుకోలేదు, క్షమాపణా చెప్పలేదు.

సమయపాలనకు, చేతి నైపుణ్యానికి ఈ ల్యాబ్‌కు మంచి మార్కులే వేస్తాను. ఒకే యంత్రం మీద రోజూ పరీక్ష జరగడం కూడా మేలే, ఎందుకంటే రెండు ల్యాబ్‌ల అంకెలను పోల్చి హెచ్చుతగ్గులు తేల్చడం కష్టం. అయితే గత రోజుల పీసీవీ, ప్లేట్‌లెట్ల అంకెలను పక్కపక్కనే అచ్చు వేయమని కోరితే, తమ సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలు లేదన్నారు. ఆ పట్టికను మా ఇంటి క్యాలెండరు వెనుక పెన్సిలుతో నేనే గీసుకున్నాను.