మధ్యాహ్నం భోజనం: ఇంటి బాక్సా, కర్రీ పాయింటా, ఆర్డరా? సొంత పని చేసుకునేవాళ్లకు ఏది మేలు?

కూకట్‌పల్లిలో ఒక చిన్న గదిలో కూర్చుని దుకాణాల వాళ్లకు జీఎస్టీ రిటర్నులు వేస్తాను. పనిచేసేది నేనొక్కణ్నే. తిన్నావా అని అడిగేవాళ్లు లేరు, పని చెడితే నష్టం మాత్రం నాదే. నెల అమ్మకాలు, కట్టాల్సిన పన్ను లెక్క చూపే రిటర్ను జీఎస్టీఆర్-3బి. దాన్ని ఒకసారి ఫైల్ చేశాక సవరించే వీలుండదు. తప్పు దొర్లితే తర్వాతి నెల రిటర్నులో సరిచేయాలి, పన్ను తక్కువ పడితే వడ్డీ కూడా కట్టాలి. అందుకే మధ్యాహ్నం ఏం తిన్నాను, ఎన్నింటికి తిన్నాను అనేవి నా పనిలో భాగమే అనుకుంటాను. మూడు పద్ధతులూ నెలల తరబడి చూశాకే ఇది రాస్తున్నాను.

ఆర్డర్ సంగతి ముందు తేల్చేస్తాను. ఫోన్‌లో బిర్యానీ చెప్పడం సులువే. కానీ వచ్చే ప్యాకెట్ ఒక మనిషికి ఎక్కువ, డబ్బు పెట్టాం కదా అని మొత్తం తినేస్తాం. మధ్యాహ్నం పూట కాస్త మగతగా ఉండటం ఒంటికి ఎలాగూ సహజం. దాని మీద అంత అన్నం, అంత నూనె పడితే నాలుగింటిదాకా కళ్లు తెరుచుకోవు. అలాంటి ఒక మధ్యాహ్నమే ఒక దుకాణం అమ్మకం బిల్లు ఎక్కించడం మరిచిపోయాను. వడ్డీ నా జేబులోంచి కట్టాను. బిర్యానీ నాకు ఇష్టమే, కానీ ఆదివారానికి ఉంచుకున్నాను.

ఇక అసలు పోటీ ఇంటి బాక్సుకీ కర్రీ పాయింటుకీ మధ్యే.

తిండి నాణ్యత చూస్తే బాక్సే గెలుస్తుంది. ఎంత నూనె, ఎంత ఉప్పు అన్నది మన చేతిలో ఉంటుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ఉంది. పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు, ఆకుకూరలు ఉండాలని, ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని కూడా చెప్పారు. మన భోజనం దీనికి సరిగ్గా తలకిందులు: అన్నం కొండంత, కూర గుప్పెడు. బాక్సులో ఈ లెక్కను మార్చుకోవచ్చు.

కానీ బాక్సుతో నాకొక ఇబ్బంది ఎదురైంది. పక్కనే ఉందన్న ధైర్యంతో వాయిదా వేస్తాం. ఈ ఒక్క ఫైలు అయ్యాక తిందాం అనుకుంటూ మూడున్నర చేస్తాం. అప్పటికి తల నొప్పి, విసుగు, రెండు టీలు. చల్లారిన అన్నాన్ని ఆకలి మీద గబగబా మింగేస్తాం. ఆ రోజుల్లో నా పని బిర్యానీ రోజుల కంటే గొప్పగా ఏమీ లేదు.

కర్రీ పాయింట్ అలా కుదరనివ్వదు. మా సందులో ఉన్నచోట రెండు దాటితే పాలకూర పప్పు అయిపోతుంది, వేపుళ్లే మిగులుతాయి. కాబట్టి ఒంటిగంటకు లేవాల్సిందే. నాలుగడుగులు నడుస్తాం, వేడి పప్పు తెచ్చుకుంటాం. లోటు ఏమిటంటే మసాలా కూరల్లో నూనె పైకి తేలుతుంది, ఉప్పు కూడా గట్టిగానే వేస్తారు. అందుకని నేను అక్కడ పప్పు, ఆకుకూర, సొరకాయ లాంటివే తీసుకుంటాను. పచ్చడి ప్యాకెట్ వద్దంటాను.

ఇప్పుడు రెండూ కలిపేశాను. కొలిచి పెట్టుకున్న అన్నం, పెరుగు, దోసకాయ ముక్కలు ఇంటి నుంచి వస్తాయి. పప్పు కర్రీ పాయింట్‌ది. మీ ఇంట్లో పొద్దున్నే వండే ఓపిక ఉండి, ఒంటిగంటకు ఠంచనుగా మూత తీసే అలవాటు ఉంటే పూర్తి బాక్సే మేలు, సందేహం లేదు. గదిలో ఒంటరిగా ఉంటూ పనిచేసుకునే కుర్రాళ్లకు మాత్రం రైస్ కుక్కర్ ఒకటి కొనుక్కుని కూర బయట తెచ్చుకోమనే చెబుతాను. రోజూ వండుతామని మొదలుపెట్టి వారానికే వదిలేసి ఆర్డర్లకు తిరిగినవాళ్లను చాలామందిని చూశాను.

టీ గురించి ఒక మాట. భోజనం కాగానే టీ తాగితే తిన్నదాంట్లోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. అదే సంస్థ భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దంటోంది. నా టీ ఇప్పుడు మూడింటికి.

నెలలో 18, 19, 20 తేదీలే కష్టం. 3బి గడువు 20 కాబట్టి జనం బిల్లులు పట్టుకుని మధ్యాహ్నమే వస్తారు. తలుపు మీద కాగితం అంటించాను: ఒంటిగంట నుంచి 1.40 దాకా భోజనం. మొదట్లో ఇద్దరు ముగ్గురు విసుక్కున్నారు. ఇప్పుడు వాళ్లే 1.45కి వస్తున్నారు.