ముట్టుకాడు దక్షిణచిత్ర: పాత ఇళ్లలో కొలువైన కళలు

చెన్నై నుంచి తూర్పు తీర రహదారి మీదుగా మామల్లపురం వెళ్లే యాత్రికుల్లో చాలామంది ముట్టుకాడు దగ్గర పడవలను చూసి ముందుకు సాగిపోతారు. నగరానికి దక్షిణంగా దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో, అదే ముట్టుకాడులో, బంగాళాఖాతం వైపు చూస్తున్న సుమారు పది ఎకరాల ఆవరణలో దక్షిణచిత్ర ఉంది. 1984లో ఏర్పడిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ ఈ కేంద్రాన్ని 1996 డిసెంబరు 14న ప్రజల కోసం తెరిచింది. దీన్ని మ్యూజియం అనడమే వాడుక అయినప్పటికీ, చక్రం తిప్పే కుమ్మరి, బుట్టలు అల్లేవారు, ఆదివారాల్లో ఆడిపాడే జానపద కళాకారులు ఉండబట్టే ఆ ఇళ్లకు అర్థం వచ్చిందని నా అభిప్రాయం. కాబట్టి నేను దీన్ని ముందుగా కళాకేంద్రంగానే చూస్తాను, ఆ కొలతతోనే తూచి చెబుతాను.

తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతాలకు చెందిన 18 ఇళ్లు ఇక్కడ ఉన్నాయి. వారసులు కూల్చివేయడానికి సిద్ధపడిన పాత ఇంటిని కొని, దూలం దూలంగా విప్పి, బండ్ల మీద ఇక్కడికి చేర్చి, ఆ పని తెలిసిన వడ్రంగులతో, తాపీ పనివారితో మళ్లీ నిలబెట్టడం ఇక్కడి పద్ధతి. సంస్థ స్థాపకురాలు డెబొరా త్యాగరాజన్ పట్టుదలకు ఆర్కిటెక్టు లారీ బేకర్ రూపకల్పన తోడైంది. తరువాతి నిర్మాణ బాధ్యతను ఆర్కిటెక్టు బెన్నీ కురియాకోస్ చేపట్టారు. ఇళ్ల మధ్య దారులు, చెట్ల నీడలు, కూర్చునే చోట్లు అన్నీ నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుని అమర్చినవేనని లోపలికి వెళ్లిన కాసేపటికే తెలుస్తుంది.

నిర్మాణ కౌశలం మాత్రమే చూడాలనుకునే వారికి కేరళ విభాగాన్ని మించినది ఇక్కడ లేదు. పుదుపల్లి నుంచి తెచ్చిన సిరియన్ క్రైస్తవుల (కేరళలోని ఒక ప్రాచీన క్రైస్తవ వర్గం) ఇల్లు 1850 నాటిది. ఆ ఇంట్లోకి అడుగుపెట్టగానే ఎదురయ్యేది ధాన్యపు కొట్టు. పంటే సంపదగా బతికిన కుటుంబం, వచ్చిన అతిథికి ముందుగా ఏమి చూపించాలనుకుందో అందులోనే కనిపిస్తుంది. ఈ ఇంటిని చెక్కకు చెక్క బిగించి కట్టారు కనుక విప్పి మళ్లీ కట్టడానికి వీలైంది. తిరువనంతపురం ప్రాంతపు ఇంట్లో నడుమ ఉన్న ముంగిలి, నాలుగు వైపుల నుంచి దానిలోకి వాలే కప్పు, మన మండువా లోగిలిని ఎరిగిన వారికి వెంటనే సొంతమనిపిస్తాయి. కర్ణాటక విభాగంలోని ఇల్కల్ నేత ఇంట్లో రాతి గోడల చల్లదనం బాగుంటుంది కానీ, సమయం తక్కువగా ఉంటే అక్కడ ఎక్కువ సేపు ఆగనవసరం లేదు.

తెలుగువారు తీరికగా చూడవలసినవి రెండు ఇళ్లు. ఒకటి నల్గొండ ప్రాంతంలోని కొయ్యలగూడెం నుంచి వచ్చిన ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు. ఇక్కత్‌లో రంగు అద్దేది బట్టకు కాదు, నేతకు ముందే నూలుకు. నూలును సాగదీసి, గీసుకున్న గుర్తుల ప్రకారం రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పీలికలతో చిటికి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, రెండో రంగు కోసం మళ్లీ కట్టాలి. ఇదంతా జరగడానికి ఎంత పొడవైన చోటు, ఎంత వెలుతురు కావాలో ఊహించుకుంటూ ఆ ఇంటి నడుమ నిలబడితే, గదుల అమరిక వెనుక ఉన్న లెక్క అర్థమవుతుంది: ఇల్లే ఇక్కడ పనిశాల. ఆ పనిలో ఆడవారి వాటా కూడా ఇలాంటి ఇంట్లోనే గుర్తుకు రావాలి. అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకుల చుట్టూ నూలును చేత్తో ఆసు పోయడం ఒక్కొక్క చీరకు వేల సార్లు చేయి ఆడించే పని. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే భుజాల నొప్పిని చూడలేక లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించారు, దానికి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. దక్షిణచిత్రకు వెళ్లే ముందు భూదాన్ పోచంపల్లిలో ఒక పూట గడిపి రాగలిగితే ఈ ఇల్లు రెండింతలు పలుకుతుంది.

రెండోది ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు. గుండ్రటి మట్టి గోడ గాలికి ఎదురొడ్డకుండా దాన్ని పక్కలకు జారవిడుస్తుంది. దాదాపు నేలను తాకేలా దించిన కప్పు వాన జల్లు గోడకు తగలనివ్వదు. తుపాను తీరంలో తరతరాలుగా బతికినవారి ఇంజినీరింగ్ అది. లోపలికి వెళ్లాలంటే తల బాగా వంచాలి. వంచి వెళ్లాక ఆ చల్లదనం, ఆ మసక వెలుతురు, చేతివేళ్ల జాడ తెలిసే మట్టి పూత మనిషిని కాసేపు కదలనివ్వవు. మన పల్లెల్లో ఇలాంటి ఇళ్లు కళ్లముందే కనుమరుగవుతుంటే, వాటిలో ఒకదాన్ని చూడడానికి పక్క రాష్ట్రానికి వెళ్లవలసి రావడం నన్ను నిజంగా బాధించింది. విశాఖలోనో, శ్రీకాకుళంలోనో ఇలాంటి ప్రయత్నం జరగాలి.

ఇంటిని దాని ఊరి నుంచి పెకలించి తేవడం న్యాయమా అనే ప్రశ్న ఇక్కడ ఎవరికైనా కలుగుతుంది. ఇరుగుపొరుగు, బావి, ఆ ఊరి మాట ఇవేవీ బండెక్కి రావు. మట్టి గోడనైతే తేవడమే కుదరదు, తెలిసిన చేతులతో కొత్తగా పెట్టించవలసిందే. అయినా కూల్చివేతకు సిద్ధమైన ఇంటి విషయంలో రెండు దారులే ఉంటాయి, తరలింపు లేదా కలప దుకాణం. ఆ రెండింటిలో తరలింపే మేలని నేను అనుకుంటున్నాను. ఊరిలోనే ఉంచి కాపాడగలిగితే అంతకన్నా మంచిది మరొకటి లేదు.

తమిళ విభాగంలోని అగ్రహారపు వీధి, కాంచీపురం పట్టు నేత ఇల్లు, చెట్టినాడు వర్తకుల ఇల్లు అన్నిటికన్నా సందడిగా ఉంటాయి. పిల్లలతో వెళ్లినవారు కుమ్మరి దగ్గర తొందరపెట్టకూడదు. చక్రం మీద మట్టి ముద్ద పిల్లవాడి అరచేతుల మధ్య ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోతుంది, కుమ్మరి రెండు వేళ్లతో దాన్ని మళ్లీ నడిమికి తెస్తాడు. చూడడానికి చిన్న విషయమే, కానీ పిల్లలు ఇంటికి వచ్చాక చెప్పేది దాని గురించే. ఇలాంటి పనులు చేసి చూడడానికి ప్రవేశ రుసుము కాక వేరుగా చెల్లించాలి, అది కళాకారుల శ్రమకు తగినదే. చేతిపనుల అంగళ్లను మాత్రం చివరికి వదిలేయడం మంచిది, మొదట వెళితే సగం పూట అక్కడే అయిపోతుంది.

బస విషయానికి వస్తే, ఆవరణలోనే అతిథి గదులు ఉన్నాయి, ముందుగా మాట్లాడుకుని వెళ్లాలి. విలాసం కోరేవారికి అవి సరిపోకపోవచ్చు. నేను ఆ రహదారి మీదే సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక విడిదిలో దిగాను. గది శుభ్రంగా ఉన్నా, అర్ధరాత్రి దాటేవరకు పక్కన మోగిన పాటల హోరు నిద్రపోనివ్వలేదు, ఎంత అడిగినా నిర్వాహకులు పట్టించుకోలేదు. వారాంతంలో ఆ తీరంలో గది తీసుకునేవారు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. రాకపోకలకు మామల్లపురం వైపు వెళ్లే బస్సులు చాలు. అద్దె కారు తీసుకుంటే వేచి ఉండే సమయానికి ఎంతో ముందుగానే మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఈ చోటు గంటలో తేలేది కాదు. పెద్దవారితో వెళితే ఉదయాన్నే, తలుపులు తీసే వేళకు చేరుకోవడం మంచిది. మధ్యాహ్నపు ఉక్కలో ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి నడవడం వారికి కష్టమవుతుంది.

దారిలో ఇంజంబాక్కంలో ఉన్న చోళమండలం కళాకారుల గ్రామాన్ని కూడా ఇదే ప్రయాణంలో కలుపుకోవచ్చు. మద్రాసులోని ప్రభుత్వ చిత్రకళల, చేతిపనుల కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ చొరవతో 1966లో చిత్రకారులు, శిల్పులు అక్కడ ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. బతిక్ (మైనం పూసి బట్టకు రంగులు అద్దే పని) వంటి చేతిపనులు అమ్మి జీవనం గడుపుకుంటూ తమ కళను సాగించారు. దక్షిణచిత్రలో ఇళ్లు వచ్చాక కళాకారులు వచ్చారు, ఇక్కడ కళాకారులే వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. ఆధునిక చిత్రకళపై ఆసక్తి ఉన్నవారికి గ్యాలరీ, బయటి శిల్పాలు ఒక పూటకు సరిపోతాయి, పిల్లలు అంతసేపు నిలవరు. రెండూ ఒకే రోజున చూడదలిస్తే ఉదయం నేరుగా ముట్టుకాడు వెళ్లి, తిరుగు ప్రయాణంలో చోళమండలం దగ్గర ఆగడం సులువు. మంగళవారం దక్షిణచిత్రకు సెలవు కనుక ఆ రోజు తప్ప ఏ రోజైనా పెట్టుకోవచ్చు. జానపద ప్రదర్శన చూడాలంటే మాత్రం రద్దీకి సిద్ధపడి ఆదివారమే వెళ్లాలి.