ఎంపిక చేసిన మాటను బ్రౌజర్‌లో తెరవడం: ఆప్లెట్ మేలా, కీబోర్డు షార్ట్‌కట్ మేలా?

లినక్స్ డెస్క్‌టాప్ మీద తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దేవారికీ, అనువాదాలు చేసేవారికీ రోజంతా తప్పని పని ఒకటుంది. పీడీఎఫ్‌లోనో లిబ్రేఆఫీస్‌లోనో ఒక మాట దగ్గర ఆగి, దాని అర్థం కోసం ఆంధ్రభారతి నిఘంటువునో, తెలుగు విక్షనరీనో, వికీపీడియానో తెరవాలి. మాటను కాపీ చేసి, బ్రౌజర్‌కు వెళ్లి, కొత్త ట్యాబ్ తెరిచి, అతికించి, ఎంటర్ నొక్కడం అనే ఈ వరుసను ఒకటి రెండు నొక్కులకు తగ్గించే దారులు ప్రధానంగా మూడున్నాయి. అవి బ్రౌజర్‌లోని కుడి క్లిక్ మెనూ, ప్యానెల్ మీద ఉండే ఆప్లెట్ అనే చిన్న ప్రోగ్రాం, కీబోర్డు షార్ట్‌కట్‌కు తగిలించిన చిన్న స్క్రిప్టు (ఆదేశాలు రాసిన ఫైలు). నిఘంటువు చూడటం వంటి ఒకే పనిని పదేపదే చేసేవారికి మూడోదే మేలని నా నిశ్చితాభిప్రాయం. అయితే ఆప్లెట్‌ను పూర్తిగా తోసిపుచ్చడం కూడా సరికాదు.

కుడి క్లిక్ మెనూ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఫైర్‌ఫాక్స్‌లో గానీ క్రోమ్‌లో గానీ మాటను ఎంపిక చేసి కుడి క్లిక్ చేస్తే, ముందే నిర్ణయించి ఉన్న సెర్చ్ ఇంజన్‌లో వెతికే అవకాశం కనిపిస్తుంది. చదువుతున్నది బ్రౌజర్‌లోనే అయితే అది చాలు. మన పని ఎక్కువగా బ్రౌజర్ బయట సాగుతుంది కాబట్టి అసలు పోటీ మిగిలిన రెండింటి మధ్యనే ఉంది.

ఆ రెండింటికీ ఆధారం ఒక్కటే. లినక్స్‌లో తెర మీది విండోలను నడిపే, 1987లో వెలువడిన ఎక్స్11 విండో వ్యవస్థలో, కంట్రోల్-సి నొక్కితే నిండే క్లిప్‌బోర్డుతో పాటు, ప్రైమరీ సెలెక్షన్ అనే మరో ఏర్పాటు ఉంది. మౌస్‌తో మాటను ఎంపిక చేసిన క్షణంలోనే అది సిద్ధమవుతుంది, మౌస్ మధ్య మీట నొక్కితే అతుక్కునేది అదే. ఎంపిక చేసిన పాఠం ఎక్కడో విడిగా దాచి ఉండదు. ఏ ప్రోగ్రాంలో ఎంపిక చేశామో ఆ ప్రోగ్రాం దగ్గరే ఉండి, అడిగినవారికి అప్పటికప్పుడు అందుతుంది. అందుకే పీడీఎఫ్ రీడర్‌ను మూసేశాక నొక్కితే, ఆ పాఠాన్ని ముందే చరిత్రలో దాచుకోని ఆప్లెట్ అయినా స్క్రిప్టు అయినా మామూలుగా ఖాళీ చేతులతోనే తిరిగి వస్తుంది.

ఆప్లెట్లలో బాగా తెలిసినవి కేడీఈ డెస్క్‌టాప్‌లోని క్లిప్పర్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లోని క్లిప్‌మన్. ఈ రెండూ క్లిప్‌బోర్డు చరిత్రను దాచడంతో ఆగకుండా, పాఠం ఏ రూపంలో ఉంటే ఏ చర్య చూపాలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (పాఠం నమూనాను వర్ణించే సూత్రాల) ద్వారా నిర్ణయించుకునే వీలు కల్పిస్తాయి. వెబ్ చిరునామా అయితే నేరుగా తెరవడం, తెలుగు మాట అయితే విక్షనరీని, వికీపీడియాను మెనూలో చూపడం వంటివి ఎవరికి వారు అమర్చుకోవచ్చు. పుస్తకాలను గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్యల విషయంలో ఇది చక్కగా అక్కరకు వస్తుంది. 978తో మొదలయ్యే 13 అంకెల సంఖ్య కనబడితే పుస్తకాల వివరాలుండే ఓపెన్ లైబ్రరీ వెబ్‌సైటు పేజీని తెరవమని ఒక నియమం రాసుకుంటే, గ్రంథసూచి తయారుచేసేటప్పుడు 978-81, 978-93లతో మొదలయ్యే మన దేశపు పుస్తకాల వివరాలను వెతకడం ఎంతో తేలికవుతుంది. ఒకే పాఠానికి నాలుగు గమ్యాలు ఉన్నప్పుడు వాటిని కళ్లముందు పెట్టి ఎంచుకోనివ్వడమే ఆప్లెట్ బలం, ఆ విషయంలో షార్ట్‌కట్ దానికి సాటిరాదు.

దాని బలహీనతలు మాత్రం చిన్నవి కావు. మొదటిది, దానంతట అదే స్పందించే గుణం. ఆటోమేటిక్ చర్యలను ఆన్ చేసి ఉంచితే, వేరే పని కోసం కాపీ చేసిన పాఠానికి కూడా మెనూ పైకి వచ్చి చేతికి అడ్డం పడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, క్లిప్‌బోర్డును ఎప్పుడూ గమనిస్తూ చరిత్రగా దాచే ప్రోగ్రాంలో వ్యక్తిగత ఉత్తరాల ముక్కలు కూడా చేరతాయి. వాటిలో ఏదైనా పొరపాటున సెర్చ్ ఇంజన్‌కు వెళితే వెనక్కు తీసుకోలేము. ఆప్లెట్ వాడదలచినవారు ఆటోమేటిక్ చర్యలను ఆపివేసి, తాము పిలిచినప్పుడే మెనూ వచ్చేలా పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను. రెండో బలహీనత ఆయుష్షుకు సంబంధించినది. ప్రతి డెస్క్‌టాప్‌కూ దాని ఆప్లెట్ పద్ధతి వేరు. 2011లో గ్నోమ్ డెస్క్‌టాప్ మూడో రూపం (గ్నోమ్ 3) వచ్చినప్పుడు పాత ప్యానెల్ ఆప్లెట్లకు అందులో చోటు లేకపోయింది, ఆ తరహా ప్యానెల్‌ను మాటే (MATE) అనే డెస్క్‌టాప్ కొనసాగించింది. సిన్నమన్ డెస్క్‌టాప్ కోసం జావాస్క్రిప్టులో రాసిన ఆప్లెట్ కేడీఈలో పనికిరాదు.

షార్ట్‌కట్‌కు తగిలించే స్క్రిప్టుకు ఆ బెడద చాలావరకు లేదు. అది చేసేది మూడే పనులు: ఎక్స్‌క్లిప్ లేదా ఎక్స్‌సెల్ అనే ఆదేశం ద్వారా ఎంపికను తీసుకోవడం, దాన్ని శుభ్రం చేసి నిఘంటువు చిరునామా చివర చేర్చడం, ఆ చిరునామాను ఎక్స్‌డీజీ-ఓపెన్ అనే ఆదేశానికి అప్పగించడం. ఏ బ్రౌజర్‌లో తెరవాలో ఎక్స్‌డీజీ-ఓపెన్ చూసుకుంటుంది కాబట్టి డెస్క్‌టాప్ మారినా స్క్రిప్టు దాదాపు మారదు. మనం నొక్కినప్పుడు తప్ప అది ఎంపిక వంక చూడదు, నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఇదే. గ్నోమ్ కీబోర్డు సెట్టింగుల్లోని కస్టమ్ షార్ట్‌కట్‌లో పైపు గుర్తులున్న (ఒక ఆదేశం ఫలితాన్ని మరోదానికి అందించే) ఆదేశాన్ని నేరుగా రాస్తే పనిచేయదు కాబట్టి, దాన్ని ఒక ఫైలులో భద్రపరచి ఆ ఫైలు పేరునే ఇవ్వాలి.

శుభ్రం చేయడమన్న పని పైకి కనిపించేటంత చిన్నది కాదు. తెలుగులో ప్రతి యూనికోడ్ గుర్తు యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది, చిరునామాలో పెట్టేటప్పుడు ఒక్కో బైటు మూడేసి అక్షరాలుగా మారుతుంది. ‘తెలుగు’ అన్న మాటలో హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి 6 ఉంటాయి కాబట్టి, అది చిరునామాలో 54 అక్షరాలవుతుంది. ఈ మార్పిడి చేయకుండా పాఠాన్ని ఉన్నదున్నట్టు చేరిస్తే, ఒంటి మాటకు బ్రౌజర్ సర్దుకోవచ్చు గానీ, మధ్యలో ఖాళీయో ప్రశ్నార్థకమో ఉంటే వెతుకులాట తప్పుదారి పడుతుంది. పీడీఎఫ్‌లో రెండు పంక్తుల మీదకు విరిగిన వెబ్ చిరునామాలో పంక్తి విరుపును పూర్తిగా తీసేయాలి, అదే రెండు మాటల పదబంధమైతే విరుపు స్థానంలో ఖాళీ పెట్టాలి. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తరువాత కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు ఉంటుంది, అది ఉన్న రూపమూ లేని రూపమూ కొన్ని నిఘంటువులకు వేర్వేరు మాటలు. స్క్రిప్టులో ఇవన్నీ మన చేతిలో ఉంటాయి. ఆప్లెట్ నియమాల్లో ఇంత సూక్ష్మంగా సరిచేయాలంటే చివరికి ఆ ఆప్లెట్ చేత కూడా స్క్రిప్టునే పిలిపించాల్సి వస్తుంది.

షార్ట్‌కట్‌కు అసలు చిక్కు, ఎక్స్11 స్థానంలో వస్తున్న వేలాండ్ అనే వ్యవస్థ దగ్గర ఎదురవుతుంది. ఎక్స్11లో ఏ ప్రోగ్రాం అయినా ఎంపికను అడిగి తీసుకోవచ్చు, వేలాండ్‌లో సాధారణంగా ముందున్న విండోకే ఆ హక్కు ఉంటుంది. భద్రత దృష్ట్యా అది మంచి మార్పే. ఎక్స్‌క్లిప్ స్థానంలో డబ్ల్యూఎల్-క్లిప్‌బోర్డు ప్యాకేజీలోని డబ్ల్యూఎల్-పేస్ట్‌ను ప్రైమరీ ఎంపిక కోసం పిలిస్తే పని జరుగుతుంది గానీ, కంపోజిటర్ (వేలాండ్‌లో విండోలను తెర మీద కూర్చే ప్రోగ్రాం) మద్దతు లేనిచోట అది ఒక క్షణం చిన్న విండోను తెరిచి ముందుకు రావలసి ఉంటుంది. కేడీఈ వారి ప్లాస్మా డెస్క్‌టాప్‌లోనే భాగమైన క్లిప్పర్‌కు ఈ ఇబ్బంది లేదు. కనుక కేడీఈని వేలాండ్ మీద నడుపుతూ, స్క్రిప్టు జోలికి వెళ్లడానికి ఇష్టపడనివారికి క్లిప్పరే తగినది.

యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో కూర్చిన పాత పీడీఎఫ్‌ల విషయంలో రెండు దారులూ ఒకే చోట ఆగిపోతాయి. తెర మీద తెలుగు కనిపిస్తున్నా, ఎంపిక చేస్తే చేతికి వచ్చేది అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. నిఘంటువుకు కేటాయించిన స్క్రిప్టులో, ఎంపికలో యూనికోడ్ తెలుగు అక్షరం ఒక్కటైనా లేకపోతే బ్రౌజర్‌ను తెరవకుండా, ఆ పాఠాన్ని డెస్క్‌టాప్ నోటిఫికేషన్‌గా చూపి ఆగిపొమ్మని ఒక షరతు చేర్చుకోవచ్చు. అప్పుడు ఆ పుటకు ముందు ఫాంటు మార్పిడి అవసరమని అక్కడికక్కడే తెలుస్తుంది.