మా రెండు గదుల బడిలో ఒక టీవీ, ఒక ట్యాబ్: ఏడాదిన్నర వాడాక నా అభిప్రాయం

దేవరకొండ నుంచి డిండి పోయే రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది మా ఊరు. బడికి రెండు గదులు, ఒక వరండా, ఒక వేపచెట్టు. ఇద్దరం టీచర్లం, ఒకటి నుంచి ఐదు దాకా కలిపి 38 మంది పిల్లలు, అందులో సగానికి పైగా పక్క తండా వాళ్లే. హైస్కూళ్లకు పెద్ద డిజిటల్ ప్యానెళ్లు వచ్చినప్పుడు మా పిల్లలకు కూడా ఏదైనా ఉంటే బాగుండు అనుకున్నాం, ఊరి పూర్వ విద్యార్థులు కొందరు ఆ మాట విని తలా కొంత వేసుకొని ఒక 43 అంగుళాల స్మార్ట్ టీవీ, ఒక ట్యాబ్ కొనిచ్చారు. ఏడాదిన్నర అయింది. చుట్టుపక్కల బళ్ల టీచర్లు ఫోన్ చేసి "ఎట్లుంది సార్, పనికొస్తుందా, మేమూ తీసుకోమంటారా" అని అడుగుతున్నారు, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఇక్కడే రాస్తున్నాను.

ముందు సామాను సంగతి. టీవీకి 23 వేలు, ట్యాబ్‌కి 11 వేలు అయ్యాయి. కొనేటప్పుడు ఎవరూ చెప్పని ఖర్చులు వేరే ఉంటాయి: స్పీకర్ 1,800, వైరు, గోడకు బిగించే స్టాండు, స్టెబిలైజర్. స్పీకర్ తప్పకుండా కొనండి. రేకుల కప్పు కింద ఫ్యాన్ తిరుగుతుంటే టీవీ సొంత సౌండు వెనక వరుసకు చేరదు. ఇంకో విషయం, మేము మొదట టీవీని కిటికీ ఎదురుగోడకు బిగించాం, పొద్దున పదకొండు దాకా ఎండ పడి తెర మీద కిటికీ తప్ప ఏమీ కనపడలేదు. ఊడదీసి నల్లబోర్డు పక్కన పెట్టాక గానీ తెలియలేదు అసలు లాభం. తెర మీద ఆపి, పక్కనే బోర్డు మీద సుద్దముక్కతో రాసి, మళ్లీ తెర మీదికి పోవచ్చు. నన్నడిగితే టీవీ సైజు కంటే అది బోర్డు పక్కన ఉండటమే ముఖ్యం.

ఇక అసలు ప్రశ్న, దీనితో పాఠాలు వస్తాయా అని. నాకు అర్థమైంది ఇది: పిల్లవాడు వేలుతో కదిపితేనో, నోటితో చదివితేనో తెర మీద ఏదో ఒకటి మారాలి, అట్లాంటివి బాగా పనికొచ్చాయి. తెర తానే మాట్లాడుకుంటూ పోయేవి మా దగ్గర పనికిరాలేదు. ఈ మాట నేను డబ్బు పోగొట్టుకొని నేర్చుకున్నాను. మొదటి నెలలోనే ఒక కంపెనీ ఏజెంటు వచ్చి మూడు నుంచి ఐదు తరగతుల అన్ని సబ్జెక్టులూ ఇందులో ఉన్నాయని ఒక డిజిటల్ పాఠాల ప్యాక్ అమ్మాడు, 6,500. తెచ్చి వేస్తే పుస్తకంలో ఉన్న వాక్యాలనే ఒక గొంతు గబగబా చదువుతూ పోతుంది, మధ్యలో రంగురంగుల బొమ్మలు ఎగురుతాయి, ఒక్క ప్రశ్న ఉండదు, ఆగి ఆలోచించే చోటు ఉండదు. కొన్ని పాఠాలైతే మన సిలబస్‌వే కావు. పిల్లలు కళ్లార్పకుండా చూశారు కాబట్టి నేనూ వారం పాటు మోసపోయాను, నిశ్శబ్దంగా కూర్చున్నారు కదా, నేర్చుకుంటున్నారులే అని. ఆ వారం చివర భిన్నాల మీద నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాస్తే నాలుగో తరగతిలో ఒక్కరు కూడా చేయలేదు. తర్వాత టీవీని ఒకసారి రీసెట్ చేయాల్సి వచ్చింది, ఆ ప్యాక్ మళ్లీ తెరుచుకోలేదు, ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. పూర్వ విద్యార్థులు కష్టపడి పంపిన డబ్బు అది, ఇప్పటికీ బాధే. ఏజెంట్లు వస్తే ముందు ఒక పాఠం మన క్లాసులో, మన పిల్లల ముందు నడిపించి చూపించమని అడగండి.

ఆ తర్వాత పైసా ఖర్చు లేనివే వెతుక్కున్నాను, ఇప్పుడు వాడేవన్నీ అవే.

లెక్కలతో మొదలుపెడతాను, నాకు ఎక్కువ తృప్తి ఇచ్చింది అదే. మూడో తరగతిలో 304 లోంచి 178 తీసెయ్యమంటే మా పిల్లలు 274 అని రాసేవాళ్లు. తప్పు ఎక్కడంటే ప్రతి నిలువు వరుసలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తారు, పైన ఏది ఉంది, కింద ఏది ఉంది అని చూడరు. మధ్యలో సున్నా ఉంటే అప్పు ఎక్కడి నుంచి తేవాలో అసలు తోచదు. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టించి చేయించేవాణ్ని, పదుల దాకా బాగానే ఉండేది, వందకు వచ్చేసరికి పుల్లలు చాలవు, కట్టలు ఊడిపోతాయి, పీరియడ్ అయిపోతుంది. నంబర్ పీసెస్ అని ఒక యాప్ ఉంది, అమెరికాలోని మ్యాథ్ లెర్నింగ్ సెంటర్ వాళ్లది, ఉచితం. అందులో వంద అంటే ఒక చదరపు పలక, పది అంటే ఒక కడ్డీ, ఒకటి అంటే చిన్న గడి. పలకను విడగొట్టమంటే పది కడ్డీలవుతుంది, కడ్డీని విడగొడితే పది గడులవుతుంది. 304 పెట్టించి ఎనిమిది ఒకట్లు తీయమన్నాను. నాలుగే ఉన్నాయి. కడ్డీ ఒక్కటీ లేదు. ట్యాబ్ పట్టుకున్న పిల్లవాడు చాలాసేపు చూసి, "వందనే పగలగొట్టాలె సార్" అన్నాడు. టీవీలో అందరూ చూస్తుండగా వాడే విడగొట్టాడు, మళ్లీ ఒక కడ్డీని విడగొట్టాడు, చివరికి మిగిలినవి లెక్కపెడితే 126. అదే సమయంలో పక్కన బోర్డు మీద నేను ఆ అంకెలు కొట్టివేస్తూ రాశాను. ఆ రోజు అప్పు తీసుకోవడం అనే పద్ధతి వాళ్లకు ఒక వస్తువులా కనపడింది. కానీ పుల్లల కట్టలు ముందు నెల రోజులు చేతిలో పట్టుకోకపోతే ఆ పలకలు, కడ్డీలు వాళ్లకు ఉత్త బొమ్మలే, ఈ వరస మాత్రం మార్చకండి.

భిన్నాలకు ఫెట్ వాడాను. లెక్కలు, సైన్సు బొమ్మలను తెర మీద కదుపుతూ నేర్చుకునే ప్రాజెక్టు ఇది, నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టాడు, ఫైల్ ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది, మాలాంటి బళ్లకు అదే పెద్ద వరం. నాలుగో తరగతిలో సగం మందికి పావు కంటే ఎనిమిదో వంతు పెద్దది, ఎందుకంటే నాలుగు కంటే ఎనిమిది పెద్దది కదా. మధ్యాహ్న భోజనం వండే అమ్మను అడిగి రెండు జొన్నరొట్టెలు చేయించాం, ఒకటి నలుగురికి పంచాం, ఇంకొకటి ఎనిమిది మందికి. తిన్నాక ఫెట్ తెరిచి, గుండ్రని బొమ్మలో కింది అంకెను ఒక్కొక్కటి పెంచుకుంటూ పొమ్మన్నాను. ముక్కలు సన్నబడుతూ పోతుంటే ఒక అమ్మాయి, "ఎంతమందికి పంచితే ముక్క గంత చిన్నగైతది సార్, ఆకలి తీరదు" అంది. కొత్త పాఠం మొదలుపెట్టినప్పుడల్లా ఆ మాట ఆ అమ్మాయి చేతనే మళ్లీ చెప్పిస్తున్నాను.

తెలుగు చదవడానికి గూగుల్ వాళ్ల రీడ్ అలాంగ్. 2019లో బోలో పేరుతో మన దేశంలోనే మొదలైంది, తర్వాత తెలుగు కూడా వచ్చింది. పిల్ల బయటికి చదువుతుంటే అది వింటుంది, చదివిన పదం వెలుగుతుంది, రాని పదం మీద నొక్కితే పలికి చూపిస్తుంది. కథలు ముందే దించుకుంటే నెట్ అక్కర్లేదు. చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం ప్రభుత్వం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం మొదలైన 2022 నుంచి ప్రతి పిల్లవాడి చదువు విడిగా వినాలని మాకు తెలుసు, కానీ ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసుకుంటూ రోజూ ఎంతమంది చదివితే వినగలం? ట్యాబ్ ఆ వినే పనిలో కొంత భాగం పంచుకుంది. మూడో తరగతిలో ఒక పాప ఉంది, అమ్మానాన్న హైదరాబాద్‌లో కూలికి పోతే నాయనమ్మ దగ్గర ఉంటుంది, క్లాసులో నోరు తెరిచేది కాదు. నేను వింటున్నానంటే చాలు గొంతు పడిపోయేది. ట్యాబ్ తీసుకొని వేపచెట్టు కింద మాకు వీపు పెట్టి కూర్చునేది. ఒత్తులున్న పదాల దగ్గర ఆగి, నొక్కి, విని, మళ్లీ చదివేది. తప్పు చదివితే నవ్వే వాళ్లు అక్కడ లేరు కదా. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకరోజు కథ కాగితం తెచ్చి నా బల్ల ముందు నిలబడి చదివింది, గొంతు చిన్నగానే ఉంది కానీ ఆగలేదు. నాకు ఈ ఏడాదిన్నరలో అంతకంటే పెద్ద సంతోషం లేదు.

కాగితం అన్నాను కదా, అవి స్టోరీవీవర్ నుంచి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015 అక్షరాస్యత దినం నాడు మొదలుపెట్టారు, తెలుగు కథలు స్థాయిల వారీగా ఉంటాయి, ప్రింట్ తీసుకున్నా, మనం మార్చి రాసుకున్నా అనుమతి ఉంది. దేవరకొండలో ప్రింట్లు తీయించి దారంతో కుట్టి ఒక పెట్టెలో పెట్టాం. తెర మీద చదివిన పిల్లలతో అదే రోజు కాగితం మీద కూడా చదివించండి, వేలు పెట్టుకొని వరుస పట్టుకోవడం కాగితం మీదే వస్తుంది.

ఐదో తరగతి పరిసరాల విజ్ఞానంలో నీళ్ల పాఠం గూగుల్ ఎర్త్‌తో చెప్పాను. ముందు మా బడి రేకులు వెతికించాను, తర్వాత చెరువు, తర్వాత డిండి కట్ట, అక్కడి నుంచి వాగు వెంటబడి పోతే కృష్ణ, సాగర్. సాగర్ గురించి పుస్తకంలో ఉన్నది చెప్పాను, 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారని, 124 మీటర్ల ఎత్తున్న రాతి ఆనకట్ట అని. అప్పుడు ఒకడు లేచి, "సాగర్ గింత దగ్గరుంటే మన చేన్లకు కాల్వ ఎందుకు రాలే సార్?" అన్నాడు. మిర్యాలగూడకు పోతుంది, గుంటూరుకు పోతుంది, మనకెందుకు రాదు అని వాళ్ల తాత కూడా అడుగుతుంటాడట. గూగుల్ ఎర్త్‌లో ఏ చోట చూస్తే ఆ చోటు ఎత్తు కింద కనపడుతుంది. సాగర్ నిండితే 590 అడుగులు. మన ఊరి మీద చూడండి, దేవరకొండ చూడండి, మిర్యాలగూడ చూడండి అని పిల్లల చేతనే రాయించాను. మిర్యాలగూడ కింద ఉంది, మనం పైన ఉన్నాం, నీళ్లు ఎక్కి రావు కదా అని వాళ్లే చెప్పారు. అట్లాగే పుట్టంగండి దగ్గర మోటర్లు పెట్టి సాగర్ నీళ్లు ఎందుకు ఎత్తిపోస్తున్నారో కూడా అర్థమైంది. ఆ ఒక్క ప్రశ్నకు మూడు పీరియడ్లు పట్టింది, పట్టనివ్వండి.

ఇంగ్లీషుకు మాత్రం ఏ యాప్ కంటే ఫోన్లో ఉండే వాయిస్ రికార్డరే ఎక్కువ ఉపయోగపడింది. ఒక వైపు తెలుగు, ఒక వైపు ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాక పిల్లలు ఇంగ్లీషు పేజీ వదిలేసి తెలుగు పేజీకి పోవడం మామూలైంది. నాలుగు వాక్యాలు చదివి రికార్డు చేసుకొని, వాళ్ల గొంతు వాళ్లే విని, బాగా లేదనిపిస్తే మళ్లీ చేస్తారు. నేను చెప్పకుండానే ఐదారుసార్లు చదివేస్తున్నారు.

టైం విషయం. టీవీ రోజుకు ఒక తరగతికి 20 నిమిషాలకు మించి పెట్టం. పుస్తకాల్లో ఉన్న క్యూఆర్ కోడ్‌ల నుంచి వచ్చే దీక్షా (ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక) పాఠాలు కూడా నేను ముందురోజు రాత్రి ఇంట్లో పూర్తిగా చూసి, ఎక్కడ ఆపి ఏమడగాలో రాసుకొని, పెన్‌డ్రైవ్‌లో వేసుకొని పోతాను. ఇది కష్టమే, అబద్ధం చెప్పను, మొదటి ఏడాది మామూలు పాఠం కంటే రెట్టింపు తయారీ పట్టింది. పని తగ్గుతుందని కొనేవాళ్లు ఉంటే కొనకండి. కరెంటు పోయే రోజులుంటాయి కాబట్టి అదే పాఠం బోర్డు మీద చెప్పడానికి కూడా రెడీగా ఉండాలి.

మళ్లీ కొనాల్సి వస్తే చిన్న టీవీ తీసుకొని ఆ మిగిలిన డబ్బుతో ఇంకో ట్యాబ్ తీసుకుంటాను. 38 మందికి ఒక్క ట్యాబ్ చాలదు, వంతు కోసం కొట్లాటలు అవుతున్నాయి.

ఒక్క లోటు ఏ యాప్ వల్లా తీరలేదు. ఒకటో తరగతికి వచ్చే తండా పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష, నేను అమ్మ అంటే వాళ్లకు యాడి. అందుకే పోయిన జూన్ నుంచి పెద్ద పిల్లలతో ఒక పని మొదలుపెట్టాం. ఒక వస్తువు ఫోటో, ముందు లంబాడీలో దాని పేరు, తర్వాత తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో, అన్నీ తండా పిల్లల గొంతులతోనే. ఐదో తరగతి పిల్లలు వాళ్ల యాడిలను, నాయనమ్మలను అడిగి పదాలు తెస్తున్నారు. ఒకటో తరగతి పిల్లలు వాళ్ల అక్క గొంతు టీవీలో వినగానే లేచి ముందుకొచ్చి తెర మీద చెయ్యి పెడుతున్నారు. ఇప్పటికి 60 పదాలయ్యాయి. తండా పిల్లలున్న బడి ఏదైనా సరే, దేవరకొండ వైపు వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ పట్టుకొని రండి, కాపీ చేసి ఇస్తాను. మీ దగ్గరి పదం వేరేగా ఉంటే ఆ గొంతు కూడా రికార్డు చేసి మాకు ఇచ్చిపోండి.