తిరుపతి ఎండలో నాలుగేళ్లు గడిపిన నా హరికేన్

రెండో ప్రపంచ యుద్ధంనాటి బ్రిటిష్ యుద్ధవిమానం హాకర్ హరికేన్ మార్క్ 2సీకి 72వ వంతు నమూనా ఇది, ప్లాస్టిక్ ముక్కలు అతికించి కట్టే కిట్. అసలు విమానం రెక్కల పొడవు 40 అడుగులు. నా దగ్గరున్నది జానెడుకు కాస్త తక్కువ. ఇది మా అద్దాల బీరువాలోకి చేరి నాలుగేళ్లయింది. కట్టిన వారానికే రాసే సమీక్షల్లో ప్రతి కిట్టూ బాగానే ఉంటుంది. తిరుపతిలో రెండు వేసవులు, రెండు కార్తీకాలు దాటితే గానీ దాని సంగతి తేలదు.

అదే యుద్ధంనాటి మరో బ్రిటిష్ విమానం స్పిట్‌ఫైర్ అందం నాకూ ఇష్టమే. అయితే 1944లో ఇంఫాల్ దగ్గర అర్జన్ సింగ్ నాయకత్వంలో మన వాయుసేన ఒకటో స్క్వాడ్రన్ (దళం) పోరాడింది హరికేన్లతోనే. అందుకే దీన్ని కొన్నాను.

ముక్కలు బాగానే అతుకుతాయి, రెక్క దేహంతో కలిసే చోట తప్ప. అక్కడ గోరు దూరేంత సందు ఉంటుంది. పుట్టీ పెట్టి, నీళ్లతో తడిపిన గరుకు కాగితంతో రుద్దాలి. ఇక్కడే చేయి పొదుపుగా ఆడాలి. హరికేన్ వెనుక భాగానికి కప్పింది రేకు కాదు, గుడ్డ. దాని కింది చెక్క పట్టీలు ఉబ్బి కనిపించే గీతలను కిట్‌లో ముచ్చటగా తీర్చారు. ఉత్సాహం కొద్దీ కుడివైపు రెండు గీతలు అరగదీశాను. అప్పటినుంచి చూడవచ్చినవారికి ఎడమవైపే చూపిస్తున్నాను.

అసలు పరీక్ష రంగులది. మే నెల మధ్యాహ్నం ఎయిర్‌బ్రష్‌తో, అంటే రంగు చిమ్మే చిన్న గన్నుతో కొడితే ఆక్రిలిక్ రంగు గాలిలోనే ఎండి పొడిలా రాలింది. తెల్లవారుజామున ఐదింటికి లేచి, ఆరబెట్టడాన్ని నెమ్మదింపజేసే ద్రవం రెండు చుక్కలు కలిపాక దారికొచ్చింది. నవంబరు ముసురులో వేసిన లక్క వార్నిష్ పాలు ఒలికినట్టు తెల్లబడింది. ఫిబ్రవరి దాకా ఆగి, పైన పలుచగా థిన్నర్ కొడితే ఆ తెలుపు పోయింది. మట్టిరంగు మాత్రం అద్భుతంగా కుదిరింది. వేసవిలో అలిపిరి నుంచి కనిపించే ఎండిన కొండవాలు అచ్చం అలాగే ఉంటుంది.

డికాల్స్‌కు, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల బొమ్మలకు సగం మార్కులే. జపాన్ విమానాల ఎర్ర సూర్యుడితో పొరబడకుండా బర్మా రంగంలో మిత్రపక్షం తన గుర్తుల్లోంచి ఎరుపును తీసేసింది. ఆ లేతనీలం, ముదురునీలం వలయాలు ఇందులో సరిగ్గా ఉన్నాయి. కానీ వాటి అంచు పొర మూడో ఏటికి పసుపెక్కింది. వాడకముందే షీటును కవరులో పెట్టి కిటికీ అద్దానికి అంటించి ఎండ చూపితే ఆ పసుపు చాలావరకు పోతుంది. నాకు ఆలస్యంగా తెలిసింది. కాక్‌పిట్ మూతకు క్షణాల్లో పట్టే జిగురు వాడకండి, దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది. ఫెవికాల్ చాలు.

మొదటిసారి కట్టేవారికి ఇది వద్దంటాను. నేనైతే ఇంకొకటి కొన్నాను.

బలహీనమైనవి ఫిరంగి గొట్టాలు. నాలుగింటిలో రెండు దుమ్ము దులపడంలోనే విరిగాయి. వాటి స్థానంలో ఇంజెక్షన్ సూదులు కోసి పెట్టాను. మందుల షాపులో దేనికని అడిగితే విమానానికి అన్నాను. ఆ షాపాయన ఇప్పటికీ నన్ను అదోలా చూస్తాడు.